నలభై దాటాక నల్లకోటు: ఫ్యామిలీ కోర్టులో పాత ఉద్యోగం ఎంతవరకు అక్కరకొస్తుంది?

ఒక భరణం కేసులో భర్త తరఫున జీతం చీటీ దాఖలైంది అనుకుందాం. చేతికొచ్చే జీతం 44,000 రూపాయలు. కౌంటర్‌ (జవాబు పత్రం)లోనూ అదే రాశారు: ‘నాకు వచ్చేది నలభై నాలుగు వేలు, ఇంటి అద్దె, అమ్మానాన్నల మందులు పోను మిగిలేదేమీ లేదు’ అని. కొత్తగా కాలేజీ నుంచి వచ్చిన కుర్ర లాయర్ చూపు సహజంగా ఆ చివరి అంకె దగ్గరే ఆగుతుంది. ఇరవై ఏళ్లు బ్యాంకులో లోన్ల సెక్షన్‌లో కూర్చుని వచ్చిన లాయర్ చూపు మాత్రం పై వరుసల్లోకి పోతుంది. మొత్తం జీతం 96,000. కోతల్లో పీఎఫ్ 6,000, ఆదాయపన్ను 5,800, వృత్తిపన్ను 200. ఇవి ఎవరికైనా తప్పనివి. వాటి కిందే వాలంటరీ పీఎఫ్ (తనంతట తాను అదనంగా దాచుకునేది) 20,000, సొసైటీ లోన్ 16,000, పండగ అడ్వాన్సు 4,000. ఈ మూడూ కలిపితే 40,000. తప్పనిసరి కోతలు మాత్రమే తీసి చూస్తే ఆయన జీతం 84,000.

ఇక ప్రశ్నలు వాటంతటవే వస్తాయి. వాలంటరీ పీఎఫ్ ఏ నెల నుంచి పెంచారు? భార్య పుట్టింటికి వెళ్లాకేనా? సొసైటీ లోన్ డబ్బు ఏ ఖాతాలో పడింది, అక్కడి నుంచి ఎటు పోయింది? గత రెండేళ్ల చీటీలు కూడా వేయమంటే అభ్యంతరం ఉందా? క్రాస్ ఎగ్జామినేషన్‌కు కావలసిన సరుకంతా ఆ ఒక్క కాగితంలోనే ఉంది. దాన్ని చదవడం ఏ లా కాలేజీ సిలబస్‌లోనూ లేదు.

కుటుంబ తగాదాలు చాలావరకు సెక్షన్ల మీద కాదు, ఇంటి లెక్కల మీద, బడి రసీదుల మీద, ఆసుపత్రి చీటీల మీద, ఫోన్లోని మెసేజీల మీద తేలతాయి. హిందూ వివాహ చట్టం చూస్తే ముప్పై సెక్షన్లే. కొన్ని నెలలు శ్రద్ధగా కూర్చుంటే ఎవరైనా చదవగలరు. కానీ ఒక ఇంట్లో డబ్బు ఎవరి చేతుల మీదుగా నడుస్తుంది, చంటిబిడ్డకు జ్వరమొస్తే రాత్రి ఎవరు మేల్కొంటారు, దెబ్బ తగిలిన మనిషి ఆసుపత్రిలో నిజం ఎందుకు చెప్పదు అన్నవి పుస్తకంలో దొరకవు. వేరే వృత్తుల్లో సగం జీవితం గడిపి లాయర్లుగా మారేవారికి న్యాయవాద వృత్తిలో అన్నిటికంటే కలిసొచ్చే శాఖ కుటుంబ చట్టమే అనడానికి కారణం ఇదే. అయితే ఆ కలిసిరావడానికి ఒక హద్దు ఉంది. కాగితం చదివేచోట, మనిషి మాట వినేచోట పాత ఉద్యోగం పనికొస్తుంది. ప్రొసీజర్ దగ్గర అసలు పనికిరాదు. అక్కడ నలభై ఐదేళ్ల మనిషి కూడా ఇరవై నాలుగేళ్ల పిల్లల పక్కన నిలబడి ఓనమాలు దిద్దాల్సిందే. ఈ రెండో సంగతి ఒప్పుకోలేకే ఎంతోమంది మొదటి రెండేళ్లలో వెనక్కి వెళ్లిపోతుంటారు.

దారి తెరిచే ఉంది, కానీ ఒక ద్వారం దగ్గర సామాను దించాలి

ఏదో ఒక డిగ్రీ ఉన్నవారికి మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ అందుబాటులో ఉండటం మన దేశంలో వృత్తి మారేవారికి పెద్ద ఊరట. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో లా ప్రవేశ పరీక్ష లాసెట్ రాయాలి. డిగ్రీలో జనరల్ అభ్యర్థులకు 45 శాతం మార్కులుంటే చాలు. పరీక్షలో 120 ప్రశ్నలు, గంటన్నర సమయం. అందులో సగం లా చదువుకు సంబంధించిన ఆప్టిట్యూడ్, మిగతా సగం జనరల్ నాలెడ్జ్, వర్తమాన వ్యవహారాలు. రోజూ పేపరు చదివే అలవాటున్న యాభై ఏళ్ల మనిషికి ఇది కొండేమీ కాదు.

వయసు దగ్గర మాత్రం కొన్నాళ్లు గందరగోళం నడిచింది. మూడేళ్ల కోర్సుకు 30 ఏళ్లు దాటకూడదని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 నిబంధనల్లో పెట్టింది. మధ్యలో ఎత్తేసి, 2016లో మళ్లీ తెచ్చింది. 2017 మార్చిలో సుప్రీంకోర్టు దాన్ని నిలిపేసింది. లాసెట్‌కు గరిష్ఠ వయసు లేదు. అందుకే మన లా కాలేజీల్లో రిటైరైన హెడ్ మాస్టర్లు, వీఆర్‌ఎస్ తీసుకున్న బ్యాంకు ఉద్యోగులు, పిల్లల్ని ఇంజినీరింగ్‌లో చేర్చి తామూ పుస్తకం పట్టిన తల్లులు ఒకే బెంచీ మీద కనిపిస్తారు.

హాజరు విషయంలో చేసే రాజీ తర్వాత చాలా ఖరీదు పడుతుంది. బార్ కౌన్సిల్ నిబంధన ప్రకారం ప్రతి సబ్జెక్టులో 70 శాతం క్లాసులకు రావాలి. ఉద్యోగం చేసుకుంటూ, పరీక్షలకు మాత్రమే వెళ్లి పట్టా తెచ్చుకునేవారు ఎంతోమంది ఉన్నారన్నది అందరికీ తెలిసిందే. ఇరవై రెండేళ్ల వయసులో అలా పట్టా తెచ్చుకున్నా, తర్వాత పదేళ్లు సీనియర్ దగ్గర కూర్చుని ఆ లోటు పూడ్చుకోవచ్చు. నలభై ఎనిమిదేళ్ల వయసులో ఆ పదేళ్లు చేతిలో ఉండవు. సివిల్ ప్రొసీజర్ కోడ్, సాక్ష్య చట్టం ఈ రెంటినైనా క్లాసులో కూర్చుని చదవనివారు కోర్టు హాల్లో ఇబ్బంది పడతారు.

పట్టా వచ్చాక రాష్ట్ర బార్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేసుకోవాలి. దీనికి వేలకు వేలు వసూలు చేసే పద్ధతికి 2024 జులైలో సుప్రీంకోర్టు అడ్డుకట్ట వేసింది. చట్టంలో ఉన్న 750 రూపాయలకు మించి, ఎస్సీ, ఎస్టీలకైతే 125 రూపాయలకు మించి నమోదు ఫీజు తీసుకోకూడదని చెప్పింది. ఆ తర్వాత ఆలిండియా బార్ ఎగ్జామ్ ఉంది. దాని చెల్లుబాటును 2023 ఫిబ్రవరిలో రాజ్యాంగ ధర్మాసనం సమర్థించింది.

అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. పూర్తికాల జీతం తీసుకుంటూ ప్రాక్టీసు చేయడానికి బార్ కౌన్సిల్ నిబంధన 49 ఒప్పుకోదు. జీతం లేని సొంత వృత్తి అయినా అంతే. బొంబాయిలో ఒక సర్జన్ వైద్యం చేస్తూనే లా చదివి, రెండు వృత్తులూ చేస్తానని నమోదుకు దరఖాస్తు పెట్టారు. మహారాష్ట్ర, గోవా బార్ కౌన్సిల్ కాదంది. ఆయన సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 1996లో డాక్టర్ హనీరాజ్ చులానీ కేసుగా పేరుపడిన ఆ తీర్పులో సుప్రీంకోర్టు బార్ కౌన్సిల్ పక్షానే నిలబడింది. న్యాయవాద వృత్తికి మనిషి పూర్తి సమయం కావాలి, పొద్దున ఆపరేషన్ థియేటర్‌లో, మధ్యాహ్నం కోర్టులో అంటే కుదరదన్నది ఆ తీర్పు సారాంశం.

ఈ నియమం కొంత కటువుగా అనిపించినా, ఫ్యామిలీ కోర్టు వరకు మాత్రం ఇది సరైనదే. భార్యాభర్తల కేసు వాయిదా రోజుల్లో మాత్రమే ఉండదు. రాత్రి తొమ్మిదింటికి ‘మేడమ్, ఆయన పిల్లాణ్ని స్కూలు నుంచి తీసుకెళ్లిపోయారు’ అని ఫోన్ వస్తుంది. మరో ఉద్యోగం చేసుకుంటున్న మనిషి అప్పుడు అర్జంటు పిటిషన్ రాసి, మర్నాడు పదిన్నరకల్లా కోర్టులో మెన్షన్ చేయలేరు (వెంటనే విచారించమని అడగలేరు). పింఛను తీసుకునే రిటైరైన ఉద్యోగులకు ఈ అడ్డంకి లేదు. మిగతావారు మాత్రం ఉన్న జీతాన్ని వదులుకునే రావాలి.

జీతం వదులుకున్నాక చేతికొచ్చేది ఎంత? జూనియర్లకు నగరాల్లో నెలకు 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 రూపాయలైనా స్టైపెండ్ ఇవ్వాలని 2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఒక సర్క్యులర్ ఇచ్చింది. అది సలహా మాత్రమే. జిల్లా కోర్టుల్లో చాలామంది జూనియర్లకు పెట్రోలు ఖర్చులు వస్తే గొప్ప. ఇంటి లోన్, పిల్లల చదువు నెత్తిమీద ఉన్న మనిషి ఈ వృత్తిలోకి దిగేముందు కనీసం మూడేళ్ల ఇంటి ఖర్చు పక్కన పెట్టుకోవాలి. ఈ మాట ముందే చెప్పేవారు తక్కువ.

పాత ఉద్యోగం ఎక్కడ పలుకుతుంది

బ్యాంకు ఉద్యోగి సంగతి మొదట్లోనే చూశాం. ఆ నైపుణ్యానికి విలువ పెంచిన తీర్పు ఒకటుంది. 2020 నవంబరులో రజనేష్ వర్సెస్ నేహా కేసులో సుప్రీంకోర్టు, భరణం అడిగేవారు, ఇవ్వాల్సినవారు ఇద్దరూ తమ ఆస్తులు, అప్పుల వివరాలతో అఫిడవిట్ వేయాలని దేశమంతటికీ వర్తించేలా ఆదేశించింది. జీతం, బ్యాంకు ఖాతాలు, పీఎఫ్, బీమా పాలసీలు, ఈఎంఐలు, అద్దెలు, బంగారం, ఇంకా ఎవరెవరు తన మీద ఆధారపడి ఉన్నారో అన్నీ అందులో రాయాలి. వ్యవసాయదారుల కోసం వేరే నమూనానే ఇచ్చింది. అంతకుముందు భరణం కేసులంటే ‘ఆయన లక్ష సంపాదిస్తాడు’, ‘నాకు ఉద్యోగమే లేదు’ అనే రెండు మాటల మధ్య ఊగేవి. ఇప్పుడు మాట కంటే కాగితం ముందుకొచ్చింది. జీతంలో పాతిక శాతం అనే మాట జనంలో బాగా పాకింది కానీ, అలాంటి లెక్క సూత్రమేదీ లేదని, ప్రతి కేసు దాని పరిస్థితులను బట్టే తేలాలని ఆ తీర్పు చెప్పింది. అంటే అంకెలు చదవగలిగిన లాయర్ ఎంత చదివితే క్లయింటుకు అంత మేలు.

వ్యవసాయ కుటుంబాల కేసుల్లో ఇదే పని తహసీల్దారు ఆఫీసులో చేసి వచ్చినవారు చేస్తారు. ‘నాకు సెంటు భూమి లేదు’ అని భర్త అఫిడవిట్‌లో రాస్తాడు. పాత పహాణీల్లో అనుభవదారు కాలమ్ ఒకటి ఉంటుందని, పట్టా తండ్రి పేరుమీదున్నా సాగు ఎవరిదో అక్కడ కనిపించవచ్చని రెవెన్యూలో పనిచేసినవారికి వేరే చెప్పాల్సిన పనిలేదు. మిగతావారికి ఆ కాలమ్ కంటికి ఆనదు.

టీచర్ల సంగతి ఇంకా లోతైనది. పిల్లల కస్టడీ కేసుల్లో కోర్టు చూసేది తల్లి హక్కా, తండ్రి హక్కా అని కాదు, బిడ్డ బాగోగులు. 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం ఐదేళ్లలోపు పిల్లలు మామూలుగా తల్లి దగ్గరే ఉండాలంటుంది. ఆ పైన అంతా సాక్ష్యం మీదే. ఇన్నాళ్లూ బిడ్డను ఎవరు పెంచారో చూపించాలి. మామూలు లాయర్ పొరుగింటివారిని సాక్షిగా పిలుస్తారు. ఇరవై ఏళ్లు బళ్లో పనిచేసిన లాయర్ స్కూలు డైరీ తెమ్మంటారు. హోంవర్క్ కింద రోజూ సంతకం పెట్టింది ఎవరు? పేరెంట్స్ మీటింగ్ రిజిస్టర్లో ఎవరి పేరుంది? అడ్మిషన్ ఫారంలో అర్జంటుగా ఫోన్ చేయాల్సిన నంబరు ఎవరిది? జ్వరమొచ్చి మధ్యాహ్నం ఇంటికి పంపిన రోజు బిడ్డను తీసుకెళ్లడానికి ఎవరొచ్చారు? పొరుగింటావిడను క్రాస్‌లో తడబడేలా చేయవచ్చు. మూడేళ్ల డైరీని తడబడేలా చేయడం కష్టం. అంతేకాదు, జడ్జి ఛాంబర్లో ప్రశ్న అడిగినప్పుడు బిడ్డ జవాబు చెప్పేముందు తలుపు వైపు చూస్తే, ఆ జవాబు బిడ్డది కాకపోవచ్చని పసిగట్టేది కూడా టీచరమ్మే.

నర్సుగా పనిచేసి వచ్చినవారు డిశ్చార్జి సమ్మరీలో జబ్బు పేరు కంటే ముందు హిస్టరీ కాలమ్ చూస్తారు. ‘బాత్రూంలో జారిపడ్డారు’ అని అక్కడ రాసి ఉంటే, గృహహింస కేసులో అవతలి లాయర్ మొదట పట్టుకునేది దాన్నే. ఆ వాక్యం ఎలా పుడుతుందో నర్సుకు తెలుసు. రోగిని తెచ్చినవారు చెప్పిందే డ్యూటీ డాక్టర్ రాసుకుంటారు. పక్కన భర్త, అత్తగారు నిలబడి ఉండగా ఆ అమ్మాయి ఇంకోమాట చెప్పలేదు. అందుకే అడ్మిషన్ షీటులో ‘వెంట వచ్చినవారు’ అన్నచోట ఎవరి పేరుందో, దెబ్బలు ఒంటిమీద ఎక్కడెక్కడ ఉన్నాయని రాశారో వెతుకుతారు. జారిపడితే మోచేతికో మోకాలికో దెబ్బ తగలవచ్చు, రెండు భుజాల లోపలి వైపూ కమిలిపోవడం మామూలుగా జరగదు. అలాంటి కేసులో కేస్ షీటు మొత్తం తెప్పించమని పిటిషన్ వేయాలన్న ఆలోచన వార్డులో రాత్రి డ్యూటీలు చేసిన మనిషికి చప్పున తడుతుంది.

సాఫ్ట్‌వేర్ నుంచి వచ్చేవారికి 2024 జులై 1 నుంచి కొత్త పని పెరిగింది. ఆ రోజు అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్‌ (కొత్త సాక్ష్య చట్టం)లోని 63వ సెక్షన్ ప్రకారం, వాట్సాప్ చాట్‌లు, రికార్డింగులు, సీసీటీవీ ఫుటేజీ లాంటివి దాఖలు చేసేటప్పుడు రెండు భాగాల సర్టిఫికెట్ జతచేయాలి. ఒక భాగం దాఖలు చేసేవారిది, రెండోది నిపుణుడిది. ఫైలు హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే గుర్తింపు సంఖ్య) కూడా రాయాలి. క్లయింటు తన ఫోన్లో స్క్రీన్‌షాట్ తీసి, దాన్ని అన్నయ్యకు పంపి, ఆయన జెరాక్స్ షాపులో ప్రింటు తీయించి తెచ్చిన కాగితానికి, అసలు ఫోన్లోని డేటాకు తేడా ఏమిటో ఇంజినీరుకు తెలుసు. ‘ఫోన్ మార్చకండి, ఫార్మాట్ చేయకండి, చాట్ డిలీట్ చేయకండి’ అని మొదటిరోజే చెప్పడం వల్ల నిలిచే కేసులున్నాయి. భార్యాభర్తల్లో ఒకరు రెండోవారికి తెలియకుండా చేసిన ఫోన్ రికార్డింగును విడాకుల కేసులో సాక్ష్యంగా తీసుకోవచ్చని 2025 జులైలో సుప్రీంకోర్టు చెప్పాక ఈ అవసరం ఇంకా పెరిగింది. అలాగని ఇంట్లో ఒకరిమీద ఒకరు నిఘా పెట్టుకోమని క్లయింటుకు సలహా ఇచ్చే లాయర్ మాత్రం తప్పు చేస్తున్నట్టే. ఉన్న రికార్డింగును దాఖలు చేయడం వేరు, కాపురాన్ని రికార్డింగు స్టూడియో చేయడం వేరు.

అమెరికాలో కొన్నేళ్లు పనిచేసి తిరిగొచ్చి లా చదివినవారికి తెలుగువాళ్ల కేసుల్లో ప్రత్యేకమైన చోటుంది. డబ్ల్యూ-2 (ఏడాది జీతం, పన్నుల పత్రం) అంటే ఏమిటో, 401కే (రిటైర్మెంట్ పొదుపు ఖాతా)లో డబ్బు ఎలా పేరుకుంటుందో, హెచ్-4 (జీవిత భాగస్వామిగా వచ్చే వీసా) మీద వెళ్లిన అమ్మాయి భర్త వీసా మీద ఎంతలా ఆధారపడి బతుకుతుందో వాళ్లకు అనుభవం. ఈ రకం కేసులకు దేశంలోనే దారి చూపిన తీర్పు తెలుగునేల నుంచే వెళ్లింది. 1975లో తిరుపతిలో జరిగిన పెళ్లి అది. భర్త అమెరికాలో మిస్సోరీ కోర్టు నుంచి విడాకులు తెచ్చుకుని మరో పెళ్లి చేసుకున్నారు. భార్య ఇక్కడ క్రిమినల్ కేసు పెట్టారు. వై. నరసింహారావు కేసుగా పిలిచే ఆ వివాదంలో 1991లో సుప్రీంకోర్టు, హిందూ వివాహ చట్టం కింద పెళ్లయినవారికి ఆ చట్టం ఒప్పుకోని కారణంతో, భార్య ఆ కోర్టు అధికారానికి ఇష్టపూర్వకంగా లోబడకుండానే విదేశీ కోర్టు ఇచ్చిన విడాకులు ఇక్కడ చెల్లవని తేల్చింది. ముప్పై ఏళ్లు దాటినా ఇవాళ్టికీ గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఒక తండ్రి అమెరికా కోర్టు కాగితం పట్టుకుని లాయర్ దగ్గరికి వస్తే మొదట తెరవాల్సింది ఆ తీర్పునే.

పాత ఉద్యోగమే కాలికి చుట్టుకునేచోట

ఇంత లాభం ఉన్నచోట నష్టమూ అక్కడి నుంచే వస్తుంది. రిటైరైన పోలీసు అధికారి లాయరయ్యాక, స్టేషన్ కౌన్సెలింగ్‌లో మాట్లాడిన గొంతుతోనే క్లయింటుకు నీతులు చెప్పడం మొదలుపెడతారు. ‘సర్దుకుపోవమ్మా, పిల్లల మొహం చూడు’ అని. ఆ అమ్మాయి ఆ మాట అమ్మానాన్నల దగ్గర, పెద్దమనుషుల పంచాయితీలో, స్టేషన్లో వినివిని చివరికి లాయర్ దగ్గరికి వచ్చింది. ఆమెకు కావాల్సింది తన హక్కులేమిటో తెలుసుకోవడం. కలపడానికి ప్రయత్నించే బాధ్యత 1984 ఫ్యామిలీ కోర్టుల చట్టం 9వ సెక్షన్ కోర్టుకే అప్పగించింది. అందుకు కౌన్సెలర్లూ ఉన్నారు. లాయర్ ఆ కుర్చీలో కూర్చుంటే క్లయింటు పక్కన నిలబడేవారు ఎవరూ ఉండరు.

సైకాలజీ, సోషల్ వర్క్ చేసి వచ్చినవారిలో ఇదే పొరపాటు మెత్తగా వస్తుంది. రెండు గంటలు ఓపిగ్గా వింటారు, క్లయింటు ఏడ్చి తేలికపడుతుంది. కానీ మధ్యంతర భరణం పిటిషన్ వేయడం నెల ఆలస్యమవుతుంది.

సాఫ్ట్‌వేర్ నుంచి వచ్చినవారికి కాలంతో పేచీ. టికెట్ (అప్పగించిన పని) తెరిచాక మూయాలి కదా అన్న టెన్షన్. పరస్పర అంగీకార విడాకుల్లో ఆరు నెలల ఆగుదల అనవసరమనిపిస్తుంది. ఆ గడువును మాఫీ చేయవచ్చని 2017లో అమర్‌దీప్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట నిజమే. కానీ దానికి షరతులున్నాయి. విడిగా ఉంటున్న కాలం మొదటి దరఖాస్తుకు ముందే ఏడాదిన్నర నిండాలి, రాజీ ప్రయత్నాలన్నీ అయిపోవాలి, భరణం, పిల్లల సంగతి నిజంగా తెగిపోవాలి. ఇవి చూడకుండా మాఫీ పిటిషన్ వేసి, డిస్మిస్ చేయించుకుని, క్లయింటు ముందు తల దించుకోవాల్సి వస్తుంది. పైగా కొన్ని కుటుంబాలకు ఆ ఆరు నెలలే మేలు చేస్తాయి. కోపంలో ‘నాకేమీ వద్దు’ అని సంతకం పెట్టిన భార్య, రెండో మోషన్ (రెండో దరఖాస్తు) నాటికి బిడ్డ స్కూలు ఫీజు గుర్తొచ్చి లెక్క సరిచేసుకుంటుంది.

వ్యాపారం, బీమా, మార్కెటింగ్ నుంచి వచ్చినవారు రెండు నియమాల దగ్గర జారతారు. ఒకటి, లాయర్ ప్రకటనలు ఇచ్చుకోకూడదు, కేసుల కోసం తిరగకూడదు. రెండు, వచ్చే డబ్బులో ఇంత శాతం అని ఫీజు మాట్లాడుకోకూడదు. ‘భరణంలో పది శాతం’ అనే ఒప్పందం వ్యాపారంలో కమీషన్, ఇక్కడ వృత్తిపరమైన దుష్ప్రవర్తన. 2017 డిసెంబరులో తెలంగాణ నుంచి వెళ్లిన ఒక కేసులో సుప్రీంకోర్టు ఇదే గట్టిగా చెప్పింది. ప్రమాదంలో భర్తను పోగొట్టుకున్న ఒక మహిళకు వచ్చిన పరిహారంలో లాయర్ శాతం లెక్కన ఫీజు అడిగి, చెక్కు రాయించుకుని, అది బౌన్సయిందని ఆమె మీదే పెట్టిన కేసది. శాతం లెక్కన తీసుకునే ఫీజు చట్టవిరుద్ధమని కోర్టు ఆ కేసును కొట్టేసింది.

అన్నిటికంటే ప్రమాదమైంది పాత పరిచయాల వాడకం. బ్యాంకులో పాత స్నేహితుడికి ఫోన్ చేసి అవతలివారి స్టేట్‌మెంట్ తెప్పించుకోవడం, స్టేషన్లో పాత కానిస్టేబుల్ ద్వారా కాల్ వివరాలు లాగడం చాలా తేలిక. క్లయింటు కూడా ‘సార్ పవర్‌ఫుల్’ అని మురిసిపోతారు. ఆ పని తప్పని తెలిసీ చేస్తే అటు స్నేహితుడి ఉద్యోగమూ ఇటు తన సన్నదూ (లాయర్‌గా నమోదైన పత్రం) పణంగా పెట్టినట్టే. అదే స్టేట్‌మెంట్ కోసం కోర్టులో పిటిషన్ వేస్తే, ఏ బ్రాంచి, ఏ ఖాతా, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు అని తేల్చి రాయగలిగే తెలివి పాత ఉద్యోగం ఇచ్చింది. వాడుకోవాల్సింది ఆ తెలివిని.

దుర్గాబాయి దారి

ఫ్యామిలీ కోర్టుల చరిత్ర వెనక్కి తిరగేస్తే, అక్కడ కనిపించే మనిషి కూడా వేరే పనుల నుంచి లాయరైన తెలుగు మహిళే. దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1909లో రాజమండ్రిలో పుట్టారు. చిన్నప్పుడే పెళ్లి చేశారు, ఆ పెళ్లిలోంచి ఆమె బయటికొచ్చారు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్లారు. జైళ్ల తర్వాత చదువు మొదలుపెట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో బీఏ, ఎంఏ చేశారు. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ స్థాపించారు. అంటే దిక్కులేని ఆడవాళ్లకు చదువు, పని నేర్పే పనిలో ఏళ్లు గడిపాక, 1942లో లా పట్టా తీసుకుని ప్రాక్టీసుకు దిగారు. తర్వాత రాజ్యాంగ సభ, ప్రణాళికా సంఘం.

1953లో చైనా వెళ్లినప్పుడు అక్కడి కుటుంబ న్యాయస్థానాలను చూసి వచ్చి, మనకూ అలాంటివి కావాలని నెహ్రూకు, పెద్ద న్యాయమూర్తులకు ఆమె నచ్చజెప్పారు. ఆమె 1981లో కన్నుమూశారు. చట్టం 1984లో వచ్చింది. ఆ చట్టం నిండా ఆంధ్ర మహిళా సభ వాసన ఉందనిపిస్తుంది. సంక్షేమ సంస్థల సాయం తీసుకోవాలన్న 5వ సెక్షన్, కౌన్సెలర్లను పెట్టిన 6వ సెక్షన్, విచారణ బయటివారు లేకుండా చేయవచ్చన్న 11వ సెక్షన్, సాక్ష్య నియమాల బిగువు సడలించిన 14వ సెక్షన్ చూస్తే, ఏడుస్తున్న ఆడమనిషితో ఎదురుగా కూర్చుని మాట్లాడినవారి ఆలోచన అనిపిస్తుంది. లాయర్ ద్వారా వాదించుకోవడం పార్టీల హక్కు కాదని 13వ సెక్షన్ అంటుంది. కోర్టు అనుమతిస్తేనే లాయర్. ఆచరణలో అనుమతి మామూలుగానే దొరుకుతోంది కానీ, ఈ కోర్టులో లాయర్ అతిథి అని చట్టం ఇప్పటికీ గుర్తు చేస్తూనే ఉంది. జడ్జీలను ఎంచుకునేటప్పుడు కూడా రాజీకి, కౌన్సెలింగ్‌కు పనికొచ్చే అనుభవం చూడాలని 4వ సెక్షన్ చెబుతుంది. సెక్షన్లతోపాటు బతుకు అనుభవం ఉన్నవారు ఇక్కడ కావాలని చట్టమే కోరుకున్నట్టు లెక్క.

తెల్లజుట్టు, కొత్త సన్నదు

ఇన్ని చెప్పుకున్నాక జూనియర్‌గిరీ సంగతి మిగిలింది. పొద్దున పదిన్నరకు కాల్‌వర్క్‌ (ఆనాటి కేసుల పిలుపు)లో నంబరు పిలవగానే లేచి నిలబడటం, కౌంటర్‌కు టైం అడగటం, ఓపీ (అసలు పిటిషన్)లో ఏ స్టేజీకి ఏ ఐఏ (మధ్యంతర దరఖాస్తు) వేయాలో తెలుసుకోవడం, డాక్యుమెంట్ మార్క్ చేయించేటప్పుడు అభ్యంతరం వెంటనే చెప్పడం, డీవీసీ (గృహహింస కేసు) మేజిస్ట్రేట్ కోర్టులో ఉంటే ఎంసీ (భరణం కేసు) ఇక్కడ ఎలా నడుస్తుందో పోల్చుకోవడం, బెంచ్ క్లర్క్‌తో మర్యాదగా మాట్లాడి వాయిదా తేదీ కనుక్కోవడం... ఇదంతా ఒక సీనియర్ వెనక ఫైళ్లు మోస్తేనే వస్తుంది. పెళ్లయిన ఏడాదిలోపు విడాకుల పిటిషన్ వేయాలంటే ముందు కోర్టు అనుమతి కావాలన్న హిందూ వివాహ చట్టం 14వ సెక్షన్ సంగతి మరిచి పిటిషన్ రాస్తే, ఇరవై ఏళ్ల మేనేజర్ అనుభవం ఆ పిటిషన్ వెనక్కి రావడాన్ని ఆపలేదు. మొన్నటిదాకా నలభైమంది స్టాఫ్‌ను నడిపిన మనిషికి, తనకంటే పదిహేనేళ్లు చిన్నవాడైన సీనియర్ ‘ఈ పేరా మళ్లీ రాయండి’ అంటే గుండెలో కలుక్కుమంటుంది. ఆ కలుక్కును మింగి మళ్లీ రాసినవారి డ్రాఫ్టు ఆరో నెలకు మారిపోతుంది. మింగలేనివారు సొంత బోర్డు పెట్టుకుంటారు. అక్కడ ఆ పేరా తప్పని చెప్పేవారు ఎవరూ ఉండరు.

దీనిలో నైతికమైన ముడి ఒకటుంది, దాని గురించి బార్‌లో పెద్దగా మాట్లాడుకోరు. యాభై ఏళ్ల మనిషి నల్లకోటు వేసుకుని, నెరిసిన జుట్టుతో, నింపాదిగా మాట్లాడితే క్లయింటు పాతికేళ్ల ప్రాక్టీసు అనుకుంటారు. ‘చాలా సీనియర్ లాయర్ దొరికారు’ అని ఇంట్లో చెప్పుకుంటారు. ఆ భ్రమ ఫీజు మాట్లాడేటప్పుడు ఉపయోగపడుతుంది కాబట్టి చాలామంది దాన్ని సరిచేయరు. సరిచేయాలి. ఫ్యామిలీ కోర్టుకు వచ్చే మనిషి అప్పటికే ఒకరి మాట నమ్మి దెబ్బతిని వచ్చింది. ‘నేను ప్రాక్టీసులోకి వచ్చి రెండేళ్లమ్మా, అంతకుముందు బ్యాంకులో చేశాను, ఈ కేసులో ఫలానా సీనియర్‌గారితో కలిసి పనిచేస్తాను’ అని మొదటిరోజే చెప్తే లేచి వెళ్లిపోయేవారు కొందరుంటారు. ఉండిపోయినవారు తమ జీతం చీటీలు, డైరీలు, చీరల మధ్య దాచిన రసీదులు కూడా తెచ్చి టేబుల్ మీద పెడతారు.

చెప్పకపోయినా దాగేది కాదు. వకాలత్ (క్లయింటు లాయరుకు ఇచ్చే అధికార పత్రం) మీద లాయర్ సంతకం కింద నమోదు నంబరు వేస్తారు. ఆ నంబరు చివర నమోదైన సంవత్సరం ఉంటుంది. సంతకం పెట్టేముందు క్లయింటు ఆ నాలుగు అంకెలు చదివితే, ఎదురుగా ఉన్నవారు ఎన్నేళ్ల లాయరో తెలిసిపోతుంది.